65 కిలోల రాయి

పొద్దున అయిదున్నరకు గోదావరిఖని చౌరస్తాలో బస్సు దిగండి. మే నెల. ఇంకా పొద్దు పొడవలేదు గానీ గాలిలో చల్లదనం ఎక్కడా లేదు. నిన్నటి ఎండను రాత్రంతా దాచుకున్న తారురోడ్డు ఇప్పుడు చెప్పుల కింద సెగ వదులుతోంది. వేసవి వార్తల్లో ఈ ఊరున్న రామగుండం పేరు రోజూ ఎందుకు వినబడుతుందో ఇక్కడ నిలబడితే తెలుస్తుంది. 45 డిగ్రీలు ఈ ఊరికి కొత్త కాదు.

టీ హోటల్ ముందు బల్ల మీద జాగా ఇస్తారు, కూర్చోండి. మొదటి షిఫ్టుకు పోయేవాళ్లు నిలబడే గ్లాసు ఖాళీ చేసి బండెక్కుతున్నారు. ఈ ఊళ్లో గనిని గని అనరు, బాయి అంటారు. బాయికి పోయేవాళ్లది ఒక వరుస. వాళ్లకు కాస్త దూరంగా, మూతపడిన దుకాణాల మెట్ల మీద ఇంకో వరుస కూర్చుని ఉంది. పారలు, గమేళాలు, సద్ది టిఫిన్లు పక్కన పెట్టుకుని ఎదురుచూస్తున్న అడ్డా కూలీలు వాళ్లు. బాయిపని వాళ్లకు మస్టరు ఉంది, జీతం ఉంది, కంపెనీ దవాఖాన ఉంది. ఈ మెట్ల మీద ఉన్నవాళ్లకు ఈ రోజు పని దొరికితేనే ఈ రోజు ఉంది.

బండి మీద మేస్త్రి వచ్చాడు. దిగకుండానే అడుగుతాడు.

"నలుగురు మొగోళ్లు, ఇద్దరు ఆడోళ్లు కావాలె. ఎవరొస్తరు?"

"ఏం పని మేస్త్రీ?"

"రోడ్డు పక్కన రాళ్లు పెట్టేది."

అప్పటిదాకా లేచి దగ్గరకు వచ్చిన ఇద్దరు మళ్లీ మెట్ల మీదికి పోయి కూర్చున్నారు. ఒకాయన నడుము మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. మట్టి పనికి, స్లాబు పనికి ఎగబడే అడ్డా ఇది. రాళ్ల పని అనగానే వెనక్కి తగ్గింది. ఎందుకో చూడాలంటే మేస్త్రి బండి వెనకాలే పోదాం.

ప్రధాన రోడ్డు నుంచి కాలనీ వైపు తిరిగే దారి అది. కొత్తగా తారు పోశారు. రెండు పక్కలా అంచుల వెంట మూరెడు వెడల్పున గాడి తవ్వి ఉంది. గాడికి అవతల మోరి, మోరికి అవతల ఇళ్లు. ఇళ్లవాళ్లు గాడి మీద చెక్కలు వేసుకుని బయటికి వస్తున్నారు. ఒక చెక్క మీంచి ముసలమ్మ ఒకావిడ పాలప్యాకెట్టు పట్టుకుని, ఇంకో చేత్తో గేటు పట్టుకుని దాటుతోంది. గాడి పక్కన లారీ దించి పోయిన కర్బురాళ్లు కుప్పగా పడి ఉన్నాయి. కొన్నిటి అంచులు దింపడంలోనే విరిగాయి.

ఒక రాయి దగ్గర కూర్చుని కొలవండి. పొడవు రెండడుగులు, ఎత్తు అడుగు, మందం అరడుగు. మీటర్లలో 0.6, 0.3, 0.15. మూడూ గుణిస్తే 0.027 ఘనపు మీటరు. మామూలు కాంక్రీటు ఘనపు మీటరుకు 2400 కిలోలు తూగుతుంది. అంటే ఈ ఒక్క రాయి 65 కిలోలు. పెద్ద సిమెంటు బస్తా మీద ఇంకో పదిహేను కిలోలు. పైగా బస్తా వంగుతుంది, భుజానికి ఒదుగుతుంది. రాయి వంగదు. చేతికి దొరికే పట్టూ లేదు.

ఇప్పుడు మీరే ఒకసారి ఎత్తి చూడండి. వద్దులెండి, మేస్త్రి ఒప్పుకోడు. వాళ్లు ఎత్తుతుంటే చూద్దాం.

ఒకాయన గడ్డపార మొనను రాయి కిందికి తోసి కొంచెం లేపుతాడు. ఆ సందులోకి రెండో ఆయన వేళ్లు పోనిస్తాడు. గడ్డపార జారిందంటే రాయి ఆ వేళ్ల మీదే కూర్చుంటుంది. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని "ఊఁ" అని లేస్తారు. లేచేటప్పుడు మోకాళ్లు కాదు, నడుము పనిచేస్తోంది. గాడి అంచున నిలబడేందుకు కాళ్లకు సరైన జాగా లేదు. ఒకరి కాలు తారు మీద, ఒకరి కాలు వదులు మట్టి మీద. అట్లాగే పక్కకు అడుగులు వేస్తూ నాలుగు గజాలు నడిచి, వంగి, గాడిలో పరిచిన మాలు మీదికి దించాలి. దించడమంటే పడెయ్యడం కాదు, దారానికి సరిగ్గా ఆనాలి.

"ఆగు ఆగు తమ్మి, చెయ్యి తియ్యకు. ముందుకొచ్చింది."

"ఎంత అన్నా?"

"ఓ అంగుళం. లేపు మళ్ల."

ఆ ఒక్క మాటతో 65 కిలోలు మళ్లీ లేస్తాయి. మేస్త్రి కింద మాలు సర్ది, రసమట్టం పెట్టి చూసి, రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు వేస్తాడు. ఈసారి కుదిరింది. ఆ ఇద్దరిలో చిన్నవాడు చేతులు విదిలించుకుంటాడు. దగ్గరికి పోయి చూడండి. ఎడమచేతి నడిమివేలి గోరు నల్లబడి ఉంది. పాత బట్టపీలిక చుట్టి దాని మీద ప్లాస్టరు అంటించాడు. చేతికి గ్లవుజులు లేవు. "వేసుకుంటే పట్టు దొరకదన్నా" అంటాడు. నున్నటి కాంక్రీటును చెమట చేతులతో పట్టుకునేవాడికి అది నిజమే.

ఆడవాళ్లు రాళ్లు ఎత్తరు అని లెక్క. గమేళాలతో మాలు మోస్తున్నారు. అయితే కుప్ప దూరమైనప్పుడు ఇద్దరక్కలూ కలిసి రాయిని ఒక కొస మీద నిలబెట్టి, ముందుకు పడదోసి, మళ్లీ నిలబెట్టి, అట్లా దొర్లించుకుంటూ తెస్తున్నారు. ఈ పని ఏ లెక్కలోనూ ఉండదు. కూలి కూడా ఆడకూలియే.

ఎనిమిదయ్యింది. ఎండ ఎక్కింది. రాయి మీద చెయ్యి పెడితే చురుక్కుమంటోంది. మనం చిన్న లెక్క వేద్దాం. వంద మీటర్ల రోడ్డుకు రెండు పక్కలా కలిపి సుమారు 334 రాళ్లు. మొత్తం 21 టన్నుల పైచిలుకు. లారీ నుంచి దించడం, గాడి దగ్గరికి చేర్చడం, గాడిలో పెట్టడం. ఒక్కో రాయి తక్కువలో తక్కువ మూడుసార్లు లేస్తుంది. అంటే వంద మీటర్లకు 65 టన్నులు మనుషుల నడుముల మీదుగా పోతాయి. "లేపు మళ్ల" అన్నవన్నీ దీనికి అదనం.

ఎదురింటి అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఇదంతా చూస్తున్నాడు. రిటైరైన కోల్ ఫిల్లరు. ఆయన పక్కన కూర్చుంటే మంచినీళ్లిచ్చి మాట కలుపుతాడు.

"తట్టా చెమ్మస్ ఎరుకేనా బిడ్డా? చెమ్మస్‌తో బొగ్గు తోడి తట్టల పోసి, తట్ట నెత్తికెత్తి టబ్బు నింపుడు. మా జిందగీ అంత గదే. ఇప్పుడు బాయిల ఎవడు ఎత్తుతుండు? మిషనొచ్చింది. అది తోడుతది, అది పోస్తది."

ఆ మాటను మనసులో పెట్టుకోండి. సింగరేణి ప్రాంతంలో 1871లో విలియం కింగ్ బొగ్గు ఆనవాళ్లు పట్టాడు, 1920 డిసెంబరు 23న కంపెనీ ఆ పేరుతో రిజిస్టరైంది, ఆ గనుల్లో ఏళ్ల తరబడి బొగ్గు మనిషి నెత్తి మీదే కదిలింది. ఆ తర్వాత ఎల్‌హెచ్‌డీలు, ఎస్‌డీఎల్‌లు అనే లోడింగు యంత్రాలు భూగర్భంలోకి దిగాయి. చేతితో బొగ్గు నింపే సెక్షన్లు పోయాయి. ఓపెన్‌కాస్టుల్లో షావెళ్లు, డంపర్లు వచ్చాయి. బొగ్గుబాయి మనిషి నెత్తి మీంచి తట్ట దించింది. అదే బాయి మీద ఉన్న ఊళ్లో, నేల పైన, పట్టపగలు, 65 కిలోల రాయిని ఇంకా చేతుల్తోనే ఎత్తిస్తున్నాం. నన్ను ఈ రోడ్డు మీద నిలబెట్టింది ఈ తేడాయే.

చట్టానికి ఈ సంగతి తెలియక కాదు. భవన, ఇతర నిర్మాణ కార్మికుల కోసం కేంద్రం 1998లో చేసిన నిబంధనల్లోనే బరువుల లెక్క స్పష్టంగా రాశారు. ఒక మనిషి, ఇంకొకరి సాయం లేకుండా, యంత్రం లేకుండా ఎత్తదగిన బరువు వయోజనుడైన మగవాడికి 55 కిలోలు, వయోజనురాలైన స్త్రీకి 30 కిలోలు. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన సిఫారసు కూడా మగవాడికి 55 దగ్గరే ఆగింది. మన కర్బురాయి ఆ గీత దాటి పది కిలోలు ఎక్కువ. ఇద్దరు పట్టుకుంటే తలా ముప్పయ్యిరెండున్నర పడుతుంది కదా అనొచ్చు. ఇందాక చూశాం, బరువు ఎప్పుడూ సమంగా పడదు. గడ్డపార పట్టినవాడు వదిలిన క్షణాన, వదులు మట్టిలో కాలు జారిన క్షణాన మొత్తం రెండోవాడిదే.

ఇంగ్లండులో వాడే మామూలు కర్బురాయి తూకం దాదాపు 67 కిలోలు. మన రాయికి అన్నలాంటిది. అక్కడి భద్రతా శాఖ 2005లో కర్బురాళ్ల గురించే ప్రత్యేకంగా సూచనలు ఇచ్చింది. పని మొదలయ్యాక జాగ్రత్తలు చెప్పడం కాదు, నక్షా గీసేటప్పుడే ఆ బరువు ఎవరు, దేనితో ఎత్తుతారో తేల్చండి అన్నది దాని సారం. రాయిని పీల్చి పట్టుకుని లేపే వ్యాక్యూమ్ యంత్రాలు, ఇద్దరు పట్టే పట్కార్లు, పాత ప్లాస్టిక్కును కరిగించి పోసిన గుల్ల కర్బులు అక్కడ వాడకంలో ఉన్నాయి. ప్లాస్టిక్కు ముక్కను ఒక మనిషి చంకలో పెట్టుకుని నడవగలడు.

తేలికరాయి మనకు దూరం అనుకోవద్దు. అరుగు మీంచి లేచి, వీధి చివరకు నడిచి రెండు దిక్కులా చూడండి. ఒక దిక్కున ఓపెన్‌కాస్టు మట్టిగుట్టలు. టన్ను బొగ్గు కోసం దానికి ఎన్నో రెట్లు తవ్విపోసిన ఓబీ, అంటే బొగ్గుపొర మీది మట్టీ రాయీ, కొండల్లా పేరుకుని ఉంది. ఆ ఓబీని కడిగి, జల్లించి ఇసుక తీసే ప్లాంట్లు సింగరేణి ఇప్పటికే నడుపుతోంది. గనుల్లో బొగ్గు తీసేసిన ఖాళీలను నింపే స్టోయింగులో గోదావరి ఇసుకకు బదులుగా ఆ ఇసుక పనికొస్తోంది. ఇంకో దిక్కున ఎన్టీపీసీ పొగగొట్టాలు. 1978 నవంబరులో పునాదిరాయి పడ్డ ఆ విద్యుత్ కేంద్రం ఏడు యూనిట్లతో 2600 మెగావాట్లదైంది. పక్కనే తెలంగాణ ప్రాజెక్టు కింద 800 మెగావాట్ల యూనిట్లు రెండు కొత్తగా వచ్చాయి. మన దేశపు బొగ్గులో 30 నుంచి 45 శాతం దాకా బూడిదే. కుందనపల్లి వైపు పోతే ఆ బూడిద చెరువును కళ్లారా చూడొచ్చు. వేసవి గాలికి అది లేచి ఇళ్లల్లోకి రావడం ఆ పక్క ఊళ్లవాళ్లు ఏళ్లుగా పడుతున్న బాధ.

ఆ బూడిదను తడిపి, గోలీల్లా ఉండలు కట్టి, కొలిమిలో 1100 డిగ్రీలకు పైగా కాలిస్తే గట్టి కంకర అవుతుంది. లోపల సన్నసన్న గాలిగదులు ఉంటాయి కాబట్టి తేలిక. ఇది కొత్త వింత కాదు. ఈ కంకరకు భారత ప్రమాణాల సంస్థ 2018లో ఐఎస్ 9142 రెండో భాగం కింద ప్రమాణం కూడా రాసింది. ఈ కంకరతో పోసిన కాంక్రీటు ఘనపు మీటరుకు 1850 కిలోల దగ్గర తూగుతుంది. అదే అచ్చులో పోస్తే మన రాయి 65 నుంచి 50 కిలోలకు దిగుతుంది. అచ్చును సగం చేసి అడుగు పొడవు ముక్కలు పోస్తే ఒక్కోటి 25 కిలోలు. మగవాడి గీత కిందికీ వచ్చింది, ఆడవాళ్ల గీత కిందికీ వచ్చింది. కొలిమి లేదంటారా, సరే. మామూలు కాంక్రీటుతోనే అడుగు ముక్క పోసినా 32 కిలోలే. పెద్ద ఖర్చేమీ లేకుండా, అచ్చులో ఒక అడ్డుపలక పెట్టినంత మాత్రాన బరువు సగమవుతుంది. అతుకులు రెట్టింపవుతాయి నిజమే. వాటిని మాలుతో పూడ్చే పని పెరుగుతుంది. గోరు నల్లబడటం కంటే అది మేలు.

ఈ సంగతి మేస్త్రి చెవిన వేయండి. ఆయన వెంటనే ఒప్పుకోడు. ఒప్పుకోకపోవడానికి కారణం ఉంది.

"అలకటి రాయి నిలవదు సార్. బొగ్గు టిప్పర్ టైరు తగిల్తె ఎగిరి మోరిల పడ్తది."

మంచి ప్రశ్న. జవాబు ఎదురుగానే ఉంది, ఏళ్ల కింద పెట్టిన పాత వరుసలో. అదీ 65 కిలోల రాయే. అయినా మూడుచోట్ల మోరి వైపు ఒరిగింది. ఒంగి వెనక చూడండి. రాయి వెనకాల కాంక్రీటు దన్ను లేదు, వట్టి మట్టి కప్పారు. కింద పడక కూడా సన్నటి మాలు పొర, అంతే. కర్బు నిలబడేది తన బరువుతో కాదు. కింది పడక, వెనక దన్ను, పక్క రాయి ఒత్తిడి, ఈ మూడూ కలిసి నిలబెడతాయి. బొగ్గు టిప్పరు ముందు 65 కిలోలూ 25 కిలోలూ ఒకటే, రెండూ దానికి లెక్కలోకి రావు. లారీని ఆపాలంటే ఉక్కు బారికేడు వేరే పెట్టాలి. కర్బు పని రోడ్డు అంచు విరగకుండా కాయడం, దారి హద్దు చూపడం, నీళ్లను దారిలో పెట్టడం. మేస్త్రి పాత వరుస వెనకాల కాలితో మట్టి తోసి చూసి, "దన్ను పొయ్యలే" అన్నాడు. తర్వాత ఆ సంగతి మాట్లాడలేదు గానీ, తన వరుస వెనకాల పొయ్యడానికి కాంక్రీటు కలపమని అక్కలకు కేక వేశాడు.

పదిన్నరకు పని ఆపేశారు. ఇక ఎండలో రాయి ముట్టడం కాదు. ముప్పై రాళ్ల దాకా కూర్చున్నాయి. మిగిలిన గాడి అట్లాగే తెరిచి ఉంది. సాయంత్రం స్కూటీ మీద పిల్లను ఎక్కించుకుని వచ్చే తల్లి ఆ గాడి పక్కనుంచే పోవాలి. రాళ్లు బరువైనకొద్దీ పని నెమ్మదిస్తుంది, పని నెమ్మదించినకొద్దీ గాడి తెరిచి ఉండే రోజులు పెరుగుతాయి. ఒక్కరే ఎత్తి పెట్టగలిగే రాయైతే ఆ ఇద్దరిలో ఒకరు పెడుతుంటే రెండోవారు వెనక దన్ను పోస్తూ రావొచ్చు. పొద్దున తవ్విన గాడి పొద్దుగూకేలోపు మూతపడుతుంది. తేలికరాయి వల్ల లాభం కూలికే కాదు, ఆ చెక్క మీంచి దాటిన ముసలమ్మకూ ఉంది.

సాయంత్రం నాలుగింటికి మళ్లీ రండి. మంచిర్యాల వైపు ఆకాశం నల్లబడింది. గాలిదుమారం లేచింది, బొగ్గుపొడీ బూడిదా కలిసి కళ్లల్లో పడుతోంది. వెనకే వాన. వేసవి వాన ఎక్కువసేపు ఉండదు, ఉన్నంతసేపు కుమ్మేస్తుంది. దుకాణం రేకుల కింద నిలబడి నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. ఈ ఊరి కష్టమంతా ఆ నీళ్లలో కనబడుతుంది.

రోడ్డును నడిమిన ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. వందకు రెండు వాలు అంటే అయిదు మీటర్ల సగం రోడ్డుకు పది సెంటీమీటర్లు. ఆ వాలున నీళ్లు చక్కగా అంచుకు వచ్చాయి. వచ్చి కర్బుకు తగిలి ఆగాయి. అవతల మోరి ఉంది. ఇవతల నీళ్లున్నాయి. మధ్యన గోడలా రాళ్ల వరుస. రాళ్ల మధ్య అక్కడక్కడా నాలుగంగుళాల ప్లాస్టిక్ పైపు ముక్కలు పెట్టారు, నీళ్లు మోరిలోకి పోవడానికి. పాత వరుసలో అట్లాంటి పైపు దగ్గరికి పోయి, వేలు పెట్టి చూడండి. నల్లటి ముద్ద. టిప్పర్ల నుంచి రాలిన బొగ్గుపొడి, బూడిద, ఎండుటాకు, గుట్కా ప్యాకెట్లు కలిసి బిగుసుకుపోయాయి. ఇంకో పైపైతే కనబడనే కనబడదు. రోడ్డు మీద రోడ్డు వేసినప్పుడల్లా తారు ఎత్తు పెరిగింది, పైపు నోరు దాని కింద పడిపోయింది. ఒకప్పుడు ఆరంగుళాలు పైకి కనబడిన కర్బు ఇప్పుడు మూడంగుళాలే. పాత తారు గీకి తీసెయ్యకుండా కొత్త తారు పొయ్యడమంటే మోరికి మూత పెట్టడమే.

గంటకు 50 మిల్లీమీటర్ల వాన అనుకోండి. పది మీటర్ల వెడల్పు రోడ్డు మీద వంద మీటర్ల మేర పడితే గంటలో 50 వేల లీటర్లు. ఒక్కో పక్కకు సెకనుకు ఏడు లీటర్లు, అంటే రెండు సెకన్లకు ఒక బిందె. ఆ బిందెలన్నిటికీ దారి ఈ మూసుకుపోయిన పైపుముక్కలే. దారి దొరకని నీళ్లు తారు కిందికి దిగుతాయి. తారుకు నీళ్లంటే పగ. కంకర మీది పట్టు వదిలించేస్తాయి. వాన వెలిశాక దాని మీంచి బరువు టిప్పరు పోతుంది. మొదట పగులు, తర్వాత గుంట. జూలైలో ఆ గుంటలో నీళ్లు నిండి లోతు తెలియక రాత్రి షిఫ్టు దిగి వచ్చే బండి పడుతుంది. గోదావరి ఒడ్డు ఊరు కాబట్టి వరద అనగానే 2022 జూలై గుర్తుకొస్తుంది, నది చూస్తాం. ఆ వరద ఎప్పుడో వస్తుంది. ఈ అంచు నీళ్లు ప్రతి వానకూ వస్తాయి.

ఈ నీళ్ల కష్టానికి జవాబుగా ఒక రాయి ఉంది, కర్బూ అదే, మోరీ అదే. రాయి లోపల గుల్ల. రోడ్డు వైపు ముఖాన తారు మట్టానికి వరుసగా రంధ్రాలు. నీళ్లు తగలగానే లోపలికి దిగి, రాళ్ల కడుపులోంచే పారుతూ పోయి, దూరదూరాన కట్టిన గుంటల్లో పడి, అక్కడి నుంచి పెద్ద మోరిలో కలుస్తాయి. విడిగా జాలీ గుంటలు అక్కర్లేదు, పైపుముక్కలు అక్కర్లేదు. అడుగు ఎత్తు, అడుగు వెడల్పు, అడుగు పొడవు ముక్కకు ఎనిమిదంగుళాల గుల్ల వదిలి తేలిక కంకరతో పోస్తే 32 కిలోల దగ్గర తూగుతుంది. చూడటానికి మన రాయికంటే లావు, ఎత్తితే అందులో సగం. ఒకే గాడిలో రెండు పనులు అయిపోతాయి. ఊరి రోడ్లకు ఇంతకంటే ఏం కావాలి?

ఒక సంగతి దాచకూడదు. ఇది బొగ్గు ఊరు. ఆ పైపుముక్కలను మూసేసిన నల్లముద్దే గుల్లరాయి కడుపులోకీ పోతుంది. బయట మోరి మూసుకుంటే కనబడుతుంది, పారతో తీస్తారు. రాతి కడుపు మూసుకుంటే కనబడదు. అందుకే ఇక్కడ గుంటలు దగ్గరదగ్గరగా కట్టాలి, ప్రతి గుంటలో అడుగు మడ్డిని పట్టే బకెట్టు ఉండాలి, నీళ్ల పైపు లోపలికి పోనిచ్చి కడిగేందుకు మూతలు పెట్టాలి. ఏటా రోహిణి కార్తె దాటేలోపు, మృగశిర చినుకు పడకముందే, ఒకసారి కడగాలి. అంతకంటే ముందు టిప్పర్ల మీద టార్పాలిన్ సరిగ్గా కట్టించాలి. రోడ్డు మీద పడని బొగ్గు మోరిలో పేరుకోదు. ఇవి చెయ్యలేమంటే గుల్లరాయి పెట్టవద్దు, తెరిచిన మోరే నయం. పెట్టి, కడగకుండా వదిలేస్తే ఇప్పటికంటే అన్యాయం.

వాన వెలిసింది. మేస్త్రి మళ్లీ వచ్చాడు. పొద్దున పెట్టిన ముప్పై రాళ్లలో పచ్చి మాలు కొట్టుకుపోయి రెండు కుంగాయి. గోరు నల్లబడ్డ తమ్ముడు, ఇంకో ఆయన గాడి అంచున నిలబడ్డారు. కాళ్ల కింద ఇప్పుడు బురద.

"పట్టు తమ్మి. వేలు జాగ్రత్త."

ఎస్టిమేటు రాసే ఇంజనీరు గారికి, అది మున్సిపల్ కార్పొరేషన్ ఆఫీసులో అయినా, సింగరేణి సివిల్ విభాగంలో అయినా, ఎన్టీపీసీ టౌన్‌షిప్‌లో అయినా, ఒక మనవి. మీ కాగితంలో కర్బురాయి పొడవు రాస్తారు, ఎత్తు రాస్తారు, కాంక్రీటు గ్రేడు రాస్తారు, మీటరుకు రేటు రాస్తారు. ఆ వరుసలోనే ఇంకొక్క గడి గీయండి. ఒక్కో రాయి బరువు ఎన్ని కిలోలో రాయండి. ఆ అంకె 55 దాటితే ఎత్తే యంత్రానికి డబ్బు చూపించండి, దాటకూడదనుకుంటే అచ్చు మార్చండి. ఆడవాళ్లు ముట్టే పనైతే 30 దగ్గర ఆగండి. టెండరు పిలవడానికి ముందు, ఆ రాయిని మీ ఆఫీసు వరండాలోకి తెప్పించి, మీరూ మీ అసిస్టెంటూ కలిసి ఒక్కసారి ఎత్తి చూడండి.